గోడ మీది సాలీడు, గుత్తి నీలం

మారతహళ్లిలోనో బీటీఎం లేఔట్‌లోనో తెలుగు కుర్రాళ్లు ఉండే పీజీ గదిలో కుక్కకు చోటుండదు. పిల్లికి ఓనర్ ఒప్పుకోడు. చేపలు పెంచుదామంటే తొట్టి నీళ్లు మార్చే తీరిక ఉండదు. అలాంటి గదిలో ఈమధ్య లాప్‌టాప్ పక్కన అరచేతిలో పట్టేంత గాజులాంటి డబ్బా ఒకటి కనిపిస్తోంది. అందులో ఒక ఎండుపుల్ల, ఒక ప్లాస్టిక్ ఆకు, పై మూలలో తెల్లటి దారపు సంచి ఉంటాయి. కాసేపటికి ఆ సంచిలోంచి చిటికెన వేలి గోరంత సాలీడు బయటికి వస్తుంది. డబ్బా ముందు కూర్చున్న మనిషి ఎటు జరిగితే అటు ఒళ్లంతా తిప్పుకుని, ముందున్న రెండు పెద్ద కళ్లతో నేరుగా చూస్తుంది. ఈ హాబీలో ఉన్నవాళ్లను ఎలా మొదలైందని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఆ చూపు గురించే.

బయటివాళ్లకు అన్నీ సాలెపురుగులే. పెంచేవాళ్ల లోకంలో మాత్రం జంపింగ్ స్పైడర్లు ఒక దారి, టరాంటులాలనే పెద్ద నూగు సాలీళ్లు ఇంకో దారి. మొదటిది ఏడాది, మహా అయితే రెండేళ్లు బతుకుతుంది. రెండోదాంట్లో ఆడది ఇరవై ఏళ్లు దాటి బతకగలదు. మొదటిది మన గోడ మీదే ఉంటుంది, రెండోది చాలాసార్లు సముద్రాలు దాటి పార్శిల్లో వస్తుంది. ఆహారం, డబ్బా, తేమ అంటూ పెంపకం గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు. కానీ ఈ హాబీ మంచిచెడ్డలు ఎక్కువగా ఆధారపడేది ఒక ప్రశ్న మీదే: ఈ సాలీడు ఎక్కడి నుంచి వచ్చింది? కొనేవాళ్లు సాధారణంగా అన్నీ అడిగాక చివర్లో అడుగుతారు. అసలు అడగాల్సింది ముందు అదే.

ముందు గోడ మీది సాలీడు సంగతి చూద్దాం. పండగ ముందు ఇళ్లలో బూజుకర్ర తీసి దులిపే బూజుతో జంపింగ్ స్పైడర్‌కు సంబంధం లేదు. అది వేట కోసం వల కట్టదు. పగలు తిరుగుతూ, కంటితో చూసి, పిల్లిలా పొంచి, దూకి పట్టుకుంటుంది. దారం వాడేది పడుకునే సంచికీ, గుడ్లకూ, దూకేటప్పుడు తాడులా పట్టుకోవడానికీ. దూకే ముందు కాళ్ల కింద దారాన్ని చటుక్కున అతికించుకుంటుంది. గురి తప్పితే ఆ దారం పట్టుకుని వేలాడి మళ్లీ ఎక్కుతుంది. దూకే బలం కూడా మిడతలా తొడ కండరాల నుంచి వచ్చేది కాదు. ఒంట్లోని ద్రవాన్ని ఒక్కసారిగా కాళ్లలోకి తోస్తుంది, ఆ ఒత్తిడికి కాళ్లు చాచుకుని శరీరం ఎగురుతుంది.

ప్రపంచంలో సాలీళ్ల కుటుంబాలన్నిటిలోకీ పెద్దది వీటిదే, 6,000కు పైగా జాతులున్నాయి. బెంగళూరు ఇళ్లలో తరచూ కనిపించేవి రెండు మూడు. బూడిద రంగులో, చదునైన ఒంటితో గోడకు అతుక్కున్నట్టు తిరిగేది మెనెమెరస్ బైవిటాటస్. కిటికీ దగ్గర ఈగల కోసం కాపు కాసే ప్లెక్సిపస్ పేకుల్లిలో మగదానికి నలుపు మీద తెల్లటి చారలుంటాయి, ఆడది గోధుమ రంగులో ఉంటుంది. లాల్‌బాగ్‌లోనో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకే క్యాంపస్‌లోనో మొక్కల మధ్య కాస్త ఓపిగ్గా చూస్తే బొద్దుగా, నూగుగా ఉండే హైలస్ కూడా దొరుకుతుంది. మామిడి ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల దగ్గరే, అచ్చం వాటిలాగే ఉండే మిర్మప్లాటా తిరుగుతుంటుంది. ముందు రెండు కాళ్లను గాల్లోకి ఎత్తి చీమ మీసాల్లా ఆడిస్తుంది. దాని మగదాని దవడలు ఎంత పొడుగంటే, చూసేవాళ్లకు ఒక చీమ ఇంకో చీమను మోసుకుపోతున్నట్టే ఉంటుంది.

కళ్ల దగ్గర ఇంకాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ హాబీ మొత్తానికీ మూలం అక్కడుంది. ఎనిమిది కళ్లలో ఆరు కదలికను పసిగట్టడానికి. ముందున్న రెండు పెద్దవి వివరంగా చూడటానికి. ఆ రెండూ పైకి గాజుగోళీల్లా ఉన్నా లోపల పొడవాటి గొట్టాలు. గుడ్డు కదలదు కానీ గొట్టం చివర ఉన్న రెటీనా, అంటే బొమ్మ పడే పొర, అటూ ఇటూ కదులుతుంది. డబ్బాకు లెన్స్ పెట్టి దగ్గరగా చూస్తే కంటి రంగు నలుపు నుంచి తేనె రంగుకు మారి మళ్లీ నలుపవుతుంది. అది లోపల రెటీనా తిరగడమే. హసేరియస్ అడన్సోనీ అనే జాతి మీద జపాన్ పరిశోధకులు 2012లో ఒక ప్రయోగం చేశారు. ఇదీ వెచ్చని దేశాల్లో ఇళ్ల చుట్టూ బతికేదే. ఆకుపచ్చ వెలుతురులో అది ఈగ మీదకి సరిగ్గా దూకింది. ఎర్ర వెలుతురులో మాత్రం గురి తప్పి ముందే పడిపోయింది. రెటీనా పొరల్లో ఒకదాంట్లో బొమ్మ స్పష్టంగా, ఇంకోదాంట్లో మసకగా పడుతుంది. ఆ మసక ఎంతుందో బట్టి దూరం లెక్కగడుతుందని తేలింది. మిరపగింజంత తలలో ఇంత లెక్క నడుస్తోందని తెలిశాక గోడ మీది సాలీడును చెప్పుతో కొట్టాలంటే చెయ్యి రాదు.

ఇంకో సంగతి. 2022లో జర్మనీలో డానియెలా రోస్లర్ బృందం రాత్రిపూట దారానికి తలకిందులుగా వేలాడి నిద్రపోయే జంపింగ్ స్పైడర్ పిల్లలను కెమెరాతో చిత్రించింది. పిల్లల ఒళ్లు ఇంకా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపల రెటీనా గొట్టాలు కనిపిస్తాయి. నిద్రలో ఉండి ఉండి అవి చకచకా కదిలాయి, అదే సమయంలో కాళ్లు ముడుచుకుని వణికాయి. మనుషులు కలలు కనే నిద్రలో కళ్లు కదిలినట్టే ఇదీ ఉంది. సాలీడు కల కంటుందని దీన్నిబట్టి తేల్చేయలేం. కానీ డబ్బాలో నిద్రపోతున్న ప్రాణిని అనవసరంగా తట్టి లేపకూడదని చెప్పడానికి ఇది చాలు.

పెంచడం కష్టమా అంటే, పని తక్కువ, జాగ్రత్త ఎక్కువ. డబ్బా వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా ఉండాలి. గాలి ఆడేలా సన్నటి చిల్లులు ఉండాలి. మూత పైన ఉన్న డబ్బా కొనడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. సాలీడు ఎప్పుడూ పై మూలలోనే సంచి కట్టుకుంటుంది. మూత తీసిన ప్రతిసారీ దాని ఇల్లు చిరిగిపోతుంది. తలుపు పక్కన గానీ కింద గానీ ఉండాలి. నీళ్లు గిన్నెలో పెట్టనక్కర్లేదు, ఒక గోడ మీద సన్నగా తుంపర చల్లితే చుక్కలు తాగుతుంది. చాలా రోజుల తర్వాత నీళ్లు దొరికినప్పుడు అది చుక్కకు నోరు ఆనించి నిమిషాల తరబడి కదలకుండా ఉండిపోతుంది. పొట్ట మెల్లగా ఉబ్బడం కంటికి కనిపిస్తుంది.

ఆహారం రెండు మూడు రోజులకొక ఈగ, లేదా దాని ఒంటికన్నా చిన్న కీచురాయి. పిల్లలకైతే అరటిపండు ముక్క వేసి పెంచిన పండు ఈగలు. వంటింట్లో పట్టిన ఈగను వేయడం సులువే కానీ బెంగళూరు అపార్ట్‌మెంట్లలో అది ప్రమాదం. నెలనెలా పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చి మందు కొట్టిపోతారు. ఆ మందు తగిలి మత్తుగా తిరిగే ఈగను తిన్న సాలీడు మర్నాటికి కాళ్లు ముడుచుకుని పడి ఉంటుంది. దోమల కోసం ప్లగ్‌కు పెట్టే లిక్విడ్ మెషిన్ కూడా అలాంటిదే. అందులోని పైరెత్రాయిడ్ మందులు దోమకూ సాలీడుకూ తేడా చూడవు. ఈ హాబీలోకి వచ్చినవాళ్లు దోమతెర కొనుక్కోవడం అందుకే. సాలీడు చచ్చిపోతే తేమ తగ్గిందనో తిండి చాల్లేదనో అనుకుంటారు గానీ, ఊళ్లో ఇళ్లకన్నా నగరం గదిలో ఈ మందుల ముప్పే ఎక్కువ.

కుబుసం సమయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. సాలీడు సంచి మందంగా అల్లుకుని లోపలికెళ్లి, వారం పది రోజులు బయటికి రాదు. తిండి ముట్టదు. పెంచేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. చచ్చిపోయిందేమో చూద్దామని అగ్గిపుల్లతో సంచి విప్పుతారు. ఆ సమయంలో దాని ఒళ్లు పాలపిందెలా మెత్తగా ఉంటుంది, చిన్న తోపుకే కాలు వంకరపోతుంది. ఆగితే చాలు, ఒకరోజు పొద్దున్నే పాత తోలు సంచి పక్కకు తోసేసి, మునుపటికన్నా పెద్దదై, రంగు తేలి బయటికొస్తుంది.

అమ్మకంలో ఉన్నవాటిలో ఎక్కువగా వినిపించే పేరు రీగల్ జంపింగ్ స్పైడర్, ఫిడిపస్ రీజియస్. అది అమెరికా ఆగ్నేయ ప్రాంతానిది, కరీబియన్ దీవుల్లోనూ ఉంటుంది. పెద్దగా, నూగుగా, దవడలు ఆకుపచ్చగానో ఊదాగానో మెరుస్తూ ఉంటుంది. దాని మీద మోజు అర్థమయ్యేదే. అయినా బెంగళూరులో ఉండి మొదటిసారి సాలీడును గమనించాలనుకునేవాళ్లకు డబ్బు పెట్టి దాన్ని కొనాల్సిన అవసరం ఏముంది? కిటికీ మీది ప్లెక్సిపస్‌కూ అవే కళ్లు, అదే దూకుడు. కొన్ని వారాలు ఉంచుకుని, చూసి, మళ్లీ అదే కిటికీ దగ్గర వదిలేయవచ్చు. విదేశీ జాతి విషయంలో ఆ అవకాశం లేదు. ఊరు వదిలి వెళ్తున్నామనో, విసుగొచ్చిందనో దాన్ని ఇక్కడి తోటలో వదలడం తప్పు. ఇక్కడ దాని చోటేమిటో ఏ చెట్టుకూ ఏ పురుగుకూ తెలియదు.

టరాంటులా దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఇది చూపుతో బతికేది కాదు, ఒంటి మీది వెంట్రుకలతో నేల అదురును పసిగట్టి బతికేది. ఎదుటి మనిషిని గుర్తుపట్టదు, మచ్చిక కాదు. రోజులో ఎక్కువసేపు కదలదు. దీన్ని పెంచడమంటే ఒక మొక్కను పెంచినట్టుంటుందని పెంచేవాళ్లు అంటారు, ఆ పోలిక బాగానే కుదిరింది. నేల జాతులకు లోతుగా కోకోపీట్ పోసిన డబ్బా, నక్కడానికి ఒక బెరడు ముక్క, నీళ్ల గిన్నె చాలు. దక్షిణాదిలో కోకోపీట్ నర్సరీకి వెళ్తే దొరుకుతుంది. చలిదేశాల్లో పెంచేవాళ్లు గది వెచ్చగా ఉంచడానికి తంటాలు పడతారు, బెంగళూరు వాతావరణంలో ఆ బాధ లేదు. పది రోజులకోసారి బొద్దింకో కీచురాయో వేస్తే సరి. బాగా ఎదిగినవి నెలల తరబడి తినకుండా ఉన్నా వాటికేం కాదు.

చేతి మీద ఎక్కించుకుని ఫొటో దిగడం మాత్రం మానాలి. ఇందులో భయం మనిషికన్నా సాలీడుకే ఎక్కువ. టరాంటులా పొట్ట పలుచటి తోలు సంచి. మనిషి నడుమెత్తు నుంచి గచ్చు మీద పడితే అది పగులుతుంది, ఇక బతకదు. మనిషికి హాని ఉండదా అంటే అదీ ఉంటుంది. అమెరికా ఖండాల జాతులు చాలావరకు వెనక కాళ్లతో పొట్ట మీది సన్నటి నూగును రాల్చి విసురుతాయి. చర్మం మీద పడితే దురద, కంట్లో పడితే ఆస్పత్రి. ఆసియా, ఆఫ్రికా జాతులకు ఆ నూగు లేదు, బదులుగా వేగం, కోర ఉన్నాయి. మన దేశంలో చెట్ల మీద బతికే పీసిలోథీరియా అనే టరాంటులా జాతులు కరిస్తే ప్రాణం పోదు గానీ కండరాలు పట్టేసి, ఆ నొప్పులు రోజుల తరబడి తిరగబెట్టగలవు. మొదటి టరాంటులాగా వీటిని అమ్మేవాళ్లు కొనేవాడి మేలు కోరేవాళ్లు కారు.

టరాంటులా కుబుసం ఒక్కసారైనా చూసినవాళ్లు మర్చిపోరు. ముందు నేల మీద దారంతో పల్చటి చాప పరుస్తుంది. తర్వాత వెల్లకిలా తిరిగి, ఎనిమిది కాళ్లూ పైకి పెట్టి పడుకుంటుంది. తెలియనివాళ్లు చచ్చిపోయిందనుకుని బయట పారేసిన సందర్భాలు ఉన్నాయి. గంటలు గడుస్తాయి. వీపు మీది పెంకు మూతలా ఊడుతుంది. పాత కాళ్లలోంచి కొత్త కాళ్లు ఒక్కో లాగుడుకీ ఒక్కో మిల్లీమీటరు చొప్పున జారి వస్తాయి, చేతి తొడుగులోంచి వేళ్లు తీసినట్టు. కొత్త కోరలు పాలలా తెల్లగా ఉంటాయి. అవి ఎర్రబడి, నల్లబడి గట్టిపడే దాకా తిండి వేయకూడదు. డబ్బాలో మర్చిపోయిన కీచురాయి ఒక్కటి చాలు, మెత్తగా ఉన్న సాలీడును కొరికి చంపేస్తుంది. వదిలేసిన తోలును నీళ్లలో నానబెట్టి విప్పి చూస్తే ఆడదో మగదో తెలుస్తుంది. మగదని తేలితే పెంచేవాళ్ల ముఖం వాడిపోతుంది, ఎందుకంటే ఈడుకొచ్చిన మగది ఇక కొన్ని నెలలు, మహా అయితే ఏడాదికి కాస్త అటూఇటూ. ఆ రోజుల్లో అది తిండి మానేసి, జత కోసం డబ్బా అంచుల వెంట రాత్రంతా నడుస్తూనే ఉంటుంది.

ఆడదైతే ఇరవై ఏళ్లు. పదకొండు నెలల అగ్రిమెంట్ మీద ఇల్లు తీసుకుని, మూడేళ్లకోసారి ఉద్యోగం మారి, పెళ్లయ్యాక ఎక్కడుంటారో తెలియని వయసులో ఈ మాట తీసుకోవడం చిన్న విషయం కాదు. ఊరి నుంచి అమ్మ వచ్చినప్పుడు, "ఏంట్రా ఇది, ఇంట్లో ఉన్న సాలీళ్లు చాలక డబ్బాలో పెట్టి మేపుతున్నావా?" అని అడుగుతుంది. సాలీడు ఒంటి మీద పాకితే పొక్కులొస్తాయన్న భయం మన ఇళ్లలో గట్టిగా ఉంది. నిజానికి వానాకాలంలో దీపం చుట్టూ చేరే పేడరస్ అనే సన్నటి నలుపు నారింజ పురుగును ఒంటి మీద నలిపినప్పుడు దాని రసం తగిలి వచ్చే బొబ్బలకే చాలాసార్లు సాలీడు నింద మోస్తోంది. ఇది ఓపిగ్గా చెబితే పెద్దవాళ్లు వింటారు. శ్రీకాళహస్తి పేరులో శ్రీ అంటే సాలీడే కదా, శివుడికి గుడి అల్లిన సాలీడు కథ వాళ్లకు మనకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి. గుత్తి అనగానే మనకు కోట గుర్తొస్తుంది, రైలు ప్రయాణం చేసేవాళ్లకు జంక్షన్ గుర్తొస్తుంది. ప్రపంచంలో ఎక్కడ టరాంటులాలు పెంచేవాళ్లను కదిలించినా, ఆ పేరుకు ఒకే అర్థం. వాళ్ల నోట అది 'గూటీ'. ముదురు నీలం ఒంటి మీద తెల్లటి జాలీ ముగ్గు, కాళ్ల కీళ్ల దగ్గర పసుపు. శాస్త్రీయ నామం పీసిలోథీరియా మెటాలికా. 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త రెజినాల్డ్ పోకాక్ దీన్ని తొలిసారి వర్ణించాడు. ఆయనకు అందిన ఒకే ఒక్క సాలీడు దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. అలా ఆ ఊరి పేరు దానికి అతుక్కుపోయింది. తర్వాత గుత్తిలో ఎవరికీ అది మళ్లీ కనిపించలేదు. శతాబ్దం దాటాక సుమారు వంద కిలోమీటర్ల అవతల, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది. అది గుత్తి సాలీడు కానే కాదు, ఆ అడవిలో నరికిన దుంగల్లో దాక్కుని రైల్లో గుత్తి దాకా వచ్చి ఉంటుందని అప్పుడు అర్థమైంది.

అది బతికేది ఎత్తైన చెట్ల తొర్రల్లో, పగుళ్లలో. తెలిసిన దాని అడవి మొత్తం వంద చదరపు కిలోమీటర్ల లోపే. అదీ కలప కోసం, వంటచెరకు కోసం నరుకుడు పడిన అడవి. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. చెట్టు పోవడంతో పాటు ఇంకో కారణం కూడా అందులో ఉంది, పెంపుడు సాలీళ్ల వ్యాపారం కోసం పట్టుకుపోవడం. ఆ నీలం రంగే దాని తలమీదకు వచ్చింది. అది నిజానికి రంగు పదార్థం కూడా కాదు. ఒంటి మీది వెంట్రుకల్లో కంటికి కనపడనంత సన్నటి నిర్మాణం కాంతిలో నీలాన్ని మాత్రమే తిప్పికొడుతుంది. టరాంటులాల పరిణామ చరిత్రలో ఇలాంటి నీలం కనీసం ఎనిమిది సార్లు విడివిడిగా పుట్టిందని 2015లో ఒక అధ్యయనం తేల్చింది.

ఐరోపాలో, అమెరికాలో ఈ సాలీడు ఇప్పుడు అరుదైనదేం కాదు. ఒక గుడ్ల సంచి నుంచి పదుల కొద్దీ పిల్లలు వస్తాయి, తరాల తరబడి డబ్బాల్లోనే పుట్టి పెరుగుతున్నాయి. దీన్ని చూపించి, మేం పెంచకపోతే ఈ జాతే మిగిలేది కాదని హాబీ తరఫున వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో సగం నిజముంది. డబ్బాలో పుట్టిన పిల్ల తక్కువ ధరకు దొరుకుతుంటే అడవి నుంచి పట్టి తెచ్చేవాడికి గిట్టుబాటు తగ్గుతుంది. మిగతా సగం మాత్రం నిలబడదు. ఆ డబ్బాల వంశం కొద్ది సాలీళ్లతో మొదలైంది, ఏది ఏ చెట్టు నుంచి వచ్చిందో రాసిన చిట్టా లేదు, దగ్గరి రక్తంతోనే జత కలుపుతూ వచ్చారు. రేపు నల్లమలలో వదిలి జాతిని నిలబెడదామంటే అవి పనికొస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. అన్నిటికన్నా ముందు, తొర్ర ఉన్న చెట్టే లేకపోతే వదిలేది ఎక్కడ? ఆ సాలీడు మీద ప్రపంచమంతా పెట్టే డబ్బులో దాని చెట్టుకు చేరేది లేదు. గిద్దలూరు దగ్గర కట్టెలు కొట్టుకుని బతికే కుటుంబానికి తమ అడవిలో ఉన్నది ఏమిటో చెప్పినవాళ్లూ తక్కువే.

అడవి నుంచి ఒక్క ఆడ టరాంటులాను తీసుకొస్తే ఏమవుతుందిలే అని కూడా అనుకుంటారు. నెమ్మదిగా ఎదిగే ప్రాణి అది. మగవి తిరుగుతాయి, ఆడవి ఏళ్ల తరబడి అదే తొర్రలో ఉంటాయి. కాబట్టి పట్టేవాడికి దొరికేది ఎక్కువగా ఈడుకొచ్చిన ఆడదే, అంటే రాబోయే ఎన్నో కాన్పులు. పట్టడానికి బెరడు ఒలిచి, తొర్ర పగలగొడతారు. సాలీడుతో పాటు ఇంకోటి వచ్చి చేరే ఇల్లూ పోతుంది. పీసిలోథీరియా వంశానికి ఇండియా, శ్రీలంక తప్ప ఈ భూమి మీద ఇంకెక్కడా చోటు లేదు. రీగాలిస్ అనే జాతిని కూడా 1899లో పోకాకే వర్ణించాడు, అది చెన్నై పక్కన అరక్కోణం నుంచి వెళ్లింది. హనుమవిలాసుమిక అనే జాతి రామేశ్వరం వైపుది, 2004లో పేరు పెట్టారు, దాని పరిస్థితీ మెటాలికా లాంటిదే.

చట్టం ఈ వైపు ఆలస్యంగానే చూసింది. పీసిలోథీరియా జాతులన్నిటినీ 2019లో వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. మెక్సికో ఎర్రమోకాళ్ల టరాంటులా లాంటి బ్రాకీపెల్మాలు అంతకు చాలా ముందే అందులో ఉన్నాయి. రెండో అనుబంధం అంటే వ్యాపారం పూర్తిగా నిషేధం అని కాదు, పర్మిట్ లేకుండా దేశం దాటకూడదని. మన దేశంలో 2022 సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టంలోకి సైటీస్ జాతుల కోసం నాలుగో షెడ్యూల్ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ షెడ్యూల్‌లోని జీవిని ఉంచుకున్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ 2.0 పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, చేతులు మారినా తెలపాలి. రిజర్వ్ ఫారెస్ట్ నుంచి పట్టి తేవడం ఎలాగూ నేరమే. విదేశం నుంచి తెప్పించాలంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) లైసెన్స్ ఉండాలి. ఫారిన్ నుంచి ఫ్రెండ్ పంపాడు అనే మాటకు కస్టమ్స్ దగ్గర విలువ లేదు.

2021 జులైలో చెన్నై కస్టమ్స్ వాళ్లు పోలండ్ నుంచి వచ్చిన ఒక పోస్టల్ పార్శిల్ విప్పారు. లోపల థర్మోకోల్ పెట్టె, అందులో వెండి రేకూ దూదీ చుట్టిన చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాలు. ఒక్కో సీసాలో ఒక్కో బతికున్న సాలీడు, మొత్తం 107. అమెరికా ఖండాల టరాంటులాలని నిపుణులు గుర్తుపట్టారు. పత్రాలు లేవు కాబట్టి వచ్చిన దేశానికే తిప్పి పంపమని పోస్టల్ అధికారులకు అప్పగించారు. నీళ్లు లేకుండా, చీకట్లో, దూదిలో చుట్టి ఉన్న గోరంత ప్రాణులు ఒక ఖండం దాటి వచ్చి, మళ్లీ అదే దూరం వెనక్కి వెళ్లాలి. ఈ హాబీలో ప్రేమగా డబ్బా తుడిచి, తుంపర చల్లి, కుబుసం కోసం రాత్రులు మేలుకునేవాళ్లు, తమ డబ్బాలోకి ఆ సాలీడు ఏ సీసాలో వచ్చిందో కూడా అంతే శ్రద్ధగా ఆలోచించాలి.

అడగాల్సినవి పెద్ద ప్రశ్నలేం కాదు. తల్లి ఎవరి దగ్గరుంది, గుడ్ల సంచి ఎప్పుడు తీశారు, ఫొటో ఉందా, రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తారా. తమ దగ్గరే పుట్టించినవాళ్లకు ఈ ప్రశ్నలంటే ఇష్టం, అడగకముందే చెబుతారు. 'క్యాప్టివ్ బ్రెడ్', అంటే పెంపకంలోనే పుట్టింది అని ఒక్క మాట అనేసి, ధర దగ్గరికి లాక్కెళ్లేవాళ్ల దగ్గర ఆగిపోవాలి. ఒకేసారి నాలుగైదు పెద్ద ఆడవి, సైజు ఒకటే, ధర తక్కువ అంటే అవి డబ్బాలో పెరిగినవి కావని అనుమానించాలి. ఒక్క ఆడది ఆ సైజుకు రావడానికి ఏళ్లు పడుతుంది, అన్నేళ్లు మేపినవాళ్లు దాన్ని చవగ్గా వదులుకోరు.

బెంగళూరు నుంచి గుంటూరు, విజయవాడ వైపు వెళ్లే రైళ్లు కొన్ని అనంతపురం, గుత్తి, డోన్ మీదుగా నంద్యాల చేరి, అక్కడి నుంచి నల్లమల ఎక్కుతాయి. సంక్రాంతికి సీటు దొరక్క తత్కాల్‌లో బుక్ చేసుకుని వెళ్లే తెలుగు కుర్రాళ్లతో ఆ బోగీలు నిండిపోతాయి. గాజులపల్లె దాటాక ఫోన్లకు సిగ్నల్ పోతుంది. దిగువమెట్ట వచ్చేదాకా కిటికీ బయట చీకటి, ఇంజిన్ లైటుకు ఒక్క క్షణం వెలిగి వెనక్కి పోయే చెట్ల మానులు. ఆ వేళకు ఆడ మెటాలికా తొర్ర అంచుకు వచ్చి, ముందు కాళ్లు బెరడు మీద చాచి, పురుగు అడుగు అదురు కోసం కూర్చుని ఉంటుంది.